రంగులన్నీ కొన్నాను, బొమ్మ మాత్రం నాదిలా లేదు

ప్రశ్న: నమస్తే అండీ. మాది ఖమ్మం. హైస్కూల్లో లెక్కలు చెబుతాను. వయసు 38. చిన్నప్పుడు బొమ్మలు బాగా వేసేదాన్ని. తర్వాత పెళ్ళి, ఉద్యోగం, పిల్లలు. పదిహేనేళ్ళు బ్రష్ ముట్టుకోలేదు. రెండేళ్ళ క్రితం మళ్ళీ మొదలుపెట్టాను. ఫోన్లో ఎవరు ఏది వాడితే అది కొన్నాను: వాటర్ కలర్స్, పోస్టర్ కలర్స్, అక్రిలిక్, ఆయిల్ పేస్టల్స్, మెరుపుల మార్కర్లు. బీరువాలో ఒక అర నిండిపోయింది. ఈ ఏడు మా అత్తగారు డాబా మీద మిరపకాయలు ఆరబోస్తుంటే ఫోటో తీశాను. దాన్ని ఉన్నదున్నట్టు కాకుండా, రంగురంగులుగా, ఒక స్టైల్లో వేద్దామనుకున్నాను. అట్ట మీద కింద ఆయిల్ పేస్టల్, పైన అక్రిలిక్, ఆపైన మార్కర్. నెల తిరక్కుండా పెచ్చులు ఊడింది. ఊడని చోట ఎరుపంతా మాడిన గోధుమరంగులో ఉంది. మా వారు ఏమీ అనలేదు కానీ బీరువా వైపు చూశారు. అత్తగారు మాత్రం “ఇవేం మిరపకాయలే, ఒక్క తాలుకాయ కూడా లేదు” అని నవ్వారు. చాలా చిన్నబోయాను. ఒకే మీడియం పట్టుకోవాలా, అన్నీ కలపొచ్చా? నాకంటూ ఒక స్టైల్ ఎలా వస్తుంది? రంగులు ఎందుకు బురదవుతున్నాయి? ఊడిన బొమ్మను ఏం చేయమంటారు? ఫోటోలు జత చేస్తున్నాను. పేరు వేయకండి.
ఒక పాఠకురాలు

సమాధానం: ముందు పెచ్చుల సంగతి తేల్చేద్దాం. అందులో మీ చేతి తప్పేమీ లేదు, వరస తప్పింది అంతే.

ఆయిల్ పేస్టల్ అంటే రంగుపొడిని మైనంలోనూ, ఎప్పటికీ ఆరని నూనెలోనూ కలిపి పుల్లలా పోసింది. ఏడాది తర్వాత వేలితో రుద్దినా వేలికి అంటుతుంది. అక్రిలిక్ తీరు వేరు. నీళ్ళు ఆవిరైన కాసేపటికే ప్లాస్టిక్ పొరలా బిగుసుకుంటుంది. ఆ పొర కింద జిడ్డు ఉంటే పట్టు దొరకదు. కడగని నూనె గిన్నె మీద స్టిక్కర్ అంటించి చూడండి, మీ బొమ్మకు జరిగింది అదే. అందుకని నీళ్ళతో కలిపేవి కింద, జిడ్డువి పైన. అక్రిలిక్ మీద ఆయిల్ పేస్టల్ హాయిగా నిలుస్తుంది, తిరగేస్తే నిలవదు. పోస్టర్ కలర్‌కి ఇంకో గొడవ ఉంది. అది ఆరాక కూడా తడి తగిలితే మళ్ళీ కరుగుతుంది కాబట్టి, దాని మీద రెండో పూత వేస్తే కింది పూత లేచొచ్చి బ్రష్‌లో కలుస్తుంది. దానితో ఒక్క పూతలో పని ముగించాలి.

ఇప్పుడు ఇదే జిడ్డును ఇంకో రకంగా వాడి చూడండి. మందపాటి కాగితం మీద తెల్ల ఆయిల్ పేస్టల్‌తోనో, పసుపు పేస్టల్‌తోనో మిరపకాయల తొడిమలు, మెరుపు పడే గీతలు గట్టిగా నొక్కి గీయండి. దాని మీద నీళ్ళలా పల్చగా కలిపిన ఎర్ర వాటర్ కలర్ ఒక్క ఊపులో లాగేయండి. మైనం ఉన్న చోట నీళ్ళు చుక్కలు చుక్కలుగా ముడుచుకుని పక్కకు పోతాయి. గీత మాత్రం వెలుగులా మిగులుతుంది. మీ అట్టను చెడగొట్టిన గుణమే ఇక్కడ మీ తరఫున పని చేస్తుంది.

స్టైల్ గురించి నేను చెప్పాలనుకున్నది కూడా ఇదే. చేతిలో ఉన్న సామాను “అది నా వల్ల కాదు” అని మొండికేసిన చోట స్టైల్ మొదలవుతుంది. మీరేమో ఆ మాట వినగానే బీరువా తెరిచి ఇంకో సామాను తీస్తున్నారు.

చేర్యాల నకాషీ పటాలు చూసే ఉంటారు. వెనకంతా ఎరుపు, దాని మీద నీలం ఒంటి, పసుపు ఒంటి దేవతామూర్తులు, గుండ్రటి పెద్ద కళ్ళు, నీడలు లేవు, లోతు లేదు. ఇవాళ మనం దాన్ని స్టైల్ అంటున్నాం. అది ఎలాంటి పనికి పుట్టిందో చూడండి. ఖద్దరు గుడ్డకు సుద్దమట్టి, గంజి, చింతగింజల జిగురు, బంక కలిపి పూతలు పూతలుగా పెడతారు. ఆ గుడ్డ మీద పదుల అడుగుల పొడవున కథ నడవాలి. కూనపులి వాళ్ళు పద్మశాలీలకు మార్కండేయ పురాణం చెప్పేటప్పుడు ఆ పటం విప్పుకుంటూ పోతారు. ఎదురుగా జనం కూర్చుని ఉంటారు, వెనక వరసలో ముసలివాళ్ళుంటారు. అక్కడ బుగ్గ మీద సన్నటి నీడ వేస్తే ఎవరికి కనబడుతుంది? అందుకే ఇంగిలీకం ఎరుపు వెనకంతా పరిచి, దాని మీద విడివిడిగా తెలిసే రంగులు నింపి, చివర్లో నల్లగీతతో బిగించారు. దూరం నుంచి చూసేవాడి కోసమే ఆ ఎరుపు అంత గట్టిగా పలుకుతోందని నేననుకుంటాను.

తోలుబొమ్మలైతే ఇంకా స్పష్టం. అనంతపురం వైపు నిమ్మలకుంటలో చేసేవాళ్ళు మేకతోలును వెలుగు దూరేంత పల్చగా చేస్తారు. దీపం వెనక ఉంటుంది, చూసేవాళ్ళు ముందుంటారు. మందంగా రంగు పూస్తే వెలుగు ఆగిపోయి తెర మీద నల్లమచ్చే మిగులుతుంది. అందుకని రంగు గాజుముక్కలా పారదర్శకంగా ఉండాలి. మరి నగలకు మెరుపు ఎలా? తెల్లరంగు పెడితే అదీ అడ్డమే. తోలుకు చిల్లులు కొట్టారు. దీపం వెలుగే ముత్యాలైంది. ఏ కళాకారుడూ కూర్చుని “నా స్టైల్లో చిల్లులుండాలి” అని అనుకుని ఉండడు.

శ్రీకాళహస్తి కలంకారీలో ఎరుపు సంగతి మీకు నచ్చుతుంది, మీ గొడవంతా ఎరుపుతోనే కాబట్టి. అక్కడ గుడ్డను కరక్కాయ, గేదెపాలు కలిపిన నీళ్ళలో ముంచి ఆరబెడతారు. పాలలోని కొవ్వు వల్ల గీత పాకిపోకుండా నిలుస్తుంది. బెల్లం, తుప్పుపట్టిన ఇనుము నానబెట్టి తీసిన కసిమితో వెదురు కలం పట్టుకుని గీస్తే, కరక్కాయ తగిలి గీత నల్లబడుతుంది. ఎరుపు రావాల్సిన చోట మాత్రం ఎర్రరంగు వేయరు, పటిక నీళ్ళు వేస్తారు. తర్వాత ఎర్రరంగునిచ్చే వేళ్ళు, చెక్కలతో గుడ్డను ఉడికిస్తే పటిక ఉన్న మేరకే ఎరుపు పట్టుకుంటుంది. అంటే చిత్రకారుడు వేసేటప్పుడు ఆ ఎరుపు అతని కళ్ళముందు ఉండదు, మనసులోనే ఉంటుంది. అలాంటి పనిలో తడబాటు గీతలకు చోటుండదు. కలంకారీ గీతకు ఆ నిక్కచ్చితనం అక్కడి నుంచే వచ్చింది.

ఇవన్నీ పాతకాలం సంగతులు అనుకుంటారేమో. 1925లో చిత్తూరు ప్రాంతంలో పుట్టిన కృష్ణారెడ్డి శాంతినికేతన్‌లో చదివి, లండన్ మీదుగా పారిస్ వెళ్ళి, అక్కడ అటెలియే 17 అనే ప్రింట్ల వర్క్‌షాప్‌లో చేరారు. అచ్చు వేసే రేకు మీద రంగుకు ఒక రేకు చొప్పున చెక్కడం అప్పటి అలవాటు. ఆయనా, అక్కడి తోటివాళ్ళూ సిరాల్లో నూనె ఎక్కువ తక్కువలు చేస్తూ ప్రయోగాలు చేశారు. నూనె ఎక్కువున్న సిరా పూసిన చోట, నూనె తక్కువున్న గట్టి సిరా అంటుకోకుండా తప్పుకుంటుంది. మెత్తటి రోలరు రేకు లోతుల్లోకి దిగుతుంది, గట్టి రోలరు పైపైనే తిరుగుతుంది. ఈ రెండూ కలిపితే ఒకే రేకు మీద, ఒకే అచ్చులో అన్ని రంగులూ వచ్చేశాయి. ఆయన ప్రింట్లలో రంగులు నీళ్ళమీద వెలుగులా ఒకదాంట్లో ఒకటి వణుకుతుంటాయి. నూనెకూ నూనెకూ పడకపోవడంలోంచి వచ్చిన అందం అది. మీ అట్ట మీద జరిగిందీ జిడ్డు గొడవే, కాకపోతే ఆయన అక్కడ ఆగి “ఎందుకు?” అని చూశారు.

కాబట్టి ఒకే మీడియం పట్టుకోవాలా అన్న ప్రశ్నకు నా జవాబు: అక్కర్లేదు, కానీ ఒకే బొమ్మ పట్టుకోండి. ఇది లెక్కల టీచరుకు నేను చెప్పాల్సిన పని లేదు. అన్నీ చలరాశులే అయితే ఏది మారడం వల్ల ఏమైందో తేలదు. మీరు నెలకో విషయం, నెలకో రంగు, నెలకో కాగితం మారుస్తూ వచ్చారు. అత్తగారు, డాబా, మిరపకాయలు, వీటిని స్థిరరాశి చేసేయండి. ఆరు నెలలు ఈ ఒక్క బొమ్మే వేయండి. మారేది సామాను ఒక్కటే, నెలకొకటి చొప్పున.

మొదటిది కత్తెర. పెన్సిల్ ముట్టుకోకూడదు. ముందు నాలుగైదు తెల్లకాగితాలకు పోస్టర్ కలర్స్ నిండుగా పూసి ఆరబెట్టుకోండి. రెండు రకాల ఎరుపు, ఒక నారింజ, ఒక ఆకుపచ్చ, ఒక ముదురు నీలం చాలు. రెండో పూత అవసరం లేని పని కాబట్టి ఆ పోస్టర్ కలర్స్ ఇన్నాళ్ళకు సరైన చోట పడతాయి. (ఫ్రెంచి చిత్రకారుడు మతీస్ 1941లో పెద్ద ఆపరేషన్ అయ్యాక, నిలబడి పెద్ద బొమ్మలు వేసే ఓపిక పోయిన రోజుల్లో ఇలాగే రంగు పూసిన కాగితాలు కత్తిరించి అంటించారు. ఆ రంగు గవాష్, మన పోస్టర్ కలర్‌కి దగ్గరి చుట్టం.) ఇప్పుడు నేరుగా కత్తెరతో మిరపకాయలు కత్తిరించండి. మొదటి పది అచ్చం మిరపకాయల్లా ఉంటాయి, ముడతలతో సహా తీయాలని చూస్తారు. పదిహేనో కాయ దగ్గర విసుగొస్తుంది. ఇరవయ్యో కాయకు చెయ్యి రెండే రెండు మలుపుల్లో పని ముగించేస్తుంది. ఆ ఇరవయ్యో కాయను పక్కన పెట్టుకోండి. ఇంకెవరి కత్తెరలోంచీ సరిగ్గా ఆ కాయ రాదు. అత్తగారిని కూడా మూడు ముక్కల్లో తేల్చండి: వంగిన వీపు, కొప్పు, ఒక చెయ్యి. నీళ్ళు కలిపి పల్చన చేసిన ఫెవికాల్‌తో అంటించి పదో తరగతి గైడ్ల కింద ఒక రాత్రి పెట్టేయండి.

రెండోది మట్టి. పూజా సామాన్ల షాపులోనో, ఊళ్ళో పాత కిరాణా కొట్టులోనో జాజు అడగండి. గడపలకూ, అరుగులకూ పూసే ఎర్రమట్టి. పాత చున్నీలో వేసి వస్త్రగాళితం పట్టండి, ముక్కుకు గుడ్డ కట్టుకోండి, దుమ్ము పీల్చొద్దు. రెండు చెంచాల పొడికి ఒక చెంచా ఫెవికాల్, నీళ్ళు చుక్కలు చుక్కలుగా వేస్తూ పాత పింగాణీ ప్లేటులో చెంచా అడుగుతో నూరండి. ఓపికుంటే ఫెవికాల్ బదులు చింతగింజలు వేయించి, పొట్టు తీసి, రాత్రంతా నానబెట్టి, రుబ్బి, ఉడికించిన జిగురు వాడండి. చేర్యాల ఇళ్ళలో వాడేది అదే. కాకపోతే తొందరగా పులుస్తుంది, ఏ రోజుది ఆ రోజే. కలిపిన రంగును ఒక ముక్క కాగితం మీద పూసి, ఆరాక బొటనవేలితో రుద్దండి. వేలికి ఎర్రగా అంటితే జిగురు చాలలేదు. నిగనిగలాడుతూ పగుళ్ళిస్తే జిగురు ఎక్కువైంది. రెండింటికీ మధ్య ఒక మట్టు ఉంటుంది, మూడోసారికి చేతికి తెలిసిపోతుంది. తెలుపు కోసం మీ దగ్గర సుద్దముక్కలకు కొదవా? అదే పద్ధతి. తడిగా ఉన్నప్పుడు ఆ తెలుపు కనబడీ కనబడనట్టు ఉండి భయపెడుతుంది, ఆరాక తేలుతుంది, మళ్ళీ మళ్ళీ పూసేయకండి.

ఈ జాజు మిరపకాయంత ఎర్రగా ఉండదు, ఇటుక ఎరుపులోనే ఆగిపోతుంది. మండే ఎరుపు దొరకనప్పుడు మిరపకాయలను ఎలా చూపిస్తారు? గుట్టగా కాకుండా వరసలు వరసలుగా పెడతారో, మధ్యలో తెల్ల సందులు వదులుతారో, కాయను మనిషంత పెద్దది చేస్తారో నాకు తెలియదు. ఏం చేసినా అది మీరు కనిపెట్టిన తోవ. ఇంకో లాభం ఏమిటంటే జాజు రంగు ఇనుముది, ఎండకు వెలవదు. పసుపు, బీట్‌రూట్ లాంటి వంటింటి రంగులు సరదాకు బాగుంటాయి కానీ పసుపు ఎండకు పోతుంది, బీట్‌రూట్ గోధుమరంగుకు తిరుగుతుంది.

మూడోది నేను పైన చెప్పిన మైనం, నీళ్ళ ఆట. నాలుగోది అచ్చులు. బెండకాయ అడ్డంగా కోసి ముద్రలేస్తే పూలొస్తాయని మీ స్కూల్లో ఆరో తరగతి పిల్లలకు కూడా తెలుసు, మీరు బంగాళాదుంపలో మిరపకాయ చెక్కండి. అయిదోది నల్ల ఇంకు, ఒకే ఒక్క ఎరుపు. ఆరోది మీ ఇష్టం. ఫోన్లో వేలితో గీసినా సరే, మూడు రంగులకు మించకపోతే చాలు.

ఆరూ అయ్యాక గోడకు వరసగా క్లిప్పులు పెట్టి వారం రోజులు అటూ ఇటూ తిరుగుతూ చూడండి. సామాను మారినా మారనిది ఏముందో వెతకండి. చిత్రకారులు లక్ష్మా గౌడ్ గారు ఎచింగ్ (రేకును ఆమ్లంతో తొలిచి అచ్చు తీయడం) చేశారు, గాజు మీద వెనకవైపు నుంచి బొమ్మలేశారు, మట్టితో చేశారు, కంచు పోశారు. ఏది చూసినా ఆయన గీత అని పోల్చుకోవచ్చు. తోట వైకుంఠం గారు బొగ్గుతో వేసినా, అక్రిలిక్‌తో వేసినా ఆ తెలంగాణ ఆడవాళ్ళ నిండైన రూపం, పెద్ద బొట్టు వదలవు.

మీకు అలాంటిదేమీ లేదనుకుంటున్నారు. మీరు పంపిన అట్ట ఫోటోను, అత్తగారి అసలు ఫోటోను పక్కపక్కన పెట్టి చూశాను. అసలు ఫోటోలో ఆవిడ చేతులు మామూలుగానే ఉన్నాయి. మీ బొమ్మలో కుడిచెయ్యి దాదాపు మోకాలంత పెద్దదిగా వచ్చింది. మీరు జత చేసిన పాత స్కెచ్‌లో రొట్టెలు చేస్తున్న మనిషికీ అంతే, చేతులు ఒంటిని మించిపోయాయి. కొలత తప్పిందని మీరు బాధపడి ఉంటారు, లెక్కల మనిషి కదా. నేనైతే దాన్ని సరిదిద్దొద్దంటాను. రెండు బొమ్మల్లో, రెండు సామాన్లతో, అడక్కుండా వచ్చింది అదొక్కటే. ఇంకాస్త పెంచి చూడండి.

ఫోన్లో చూసినవాటిని చూసి వేయడం తప్పా అని మీరు అడగలేదు కానీ అడుగుదామనుకుని ఆగినట్టు అనిపించింది. నేర్చుకోవడానికి ఎవరి బొమ్మనైనా చూసి వేయండి, నేనూ అలాగే నేర్చుకున్నాను. కింద మీ సంతకం పెట్టి అమ్మకండి, అంతే. చేర్యాల పద్ధతి నచ్చి ఎర్ర నేపథ్యం తీసుకుంటే హాయిగా తీసుకోండి, దాన్ని చేర్యాల పటం అని మాత్రం పిలవకండి. ఆ పేరుకు జీఐ గుర్తింపు, అంటే ఆ ఊరి పనికే చెందిన పేరన్న చట్టపరమైన గుర్తింపు ఉంది, దాని వెనక తరతరాలుగా అదే పని మీద బతుకుతున్న కుటుంబాలున్నాయి.

సామాను గురించి రెండు మాటలు. డబ్బు పెట్టాలనుకుంటే రంగు మీద కాదు, కాగితం మీద పెట్టండి. మామూలు డ్రాయింగ్ బుక్కు నీళ్ళు తగలగానే అప్పడంలా లేస్తుంది. వాటర్ కలర్‌కి 300 జీఎస్‌ఎం మందపాటి కాగితం, నాలుగు వైపులా టేపు వేసి అట్టకు అంటించి వాడండి. ప్రయోగాలకు మాత్రం అదీ వద్దు, ఖరీదైన కాగితం ముందు చెయ్యి భయపడుతుంది. ఇంట్లో పాత శుభలేఖలు ఉంటాయి కదా, నిగనిగలాడనివి ఏరి లోపలి ఖాళీ వైపు వాడండి. మంచి మందం, అప్పుడప్పుడూ ఒక బంగారు అంచు ఉచితం. చీరల డబ్బాల అట్టలు కూడా బాగుంటాయి.

మెరుపుల మార్కర్ల విషయంలో నాకు పాత మంట ఒకటుంది. మా చెల్లెలి గృహప్రవేశానికి ఫ్లోరోసెంట్ మార్కర్లతో ఒక పెద్ద నెమలి వేసిచ్చాను. అందరూ మెచ్చుకున్నారు. దాన్ని పడమటి కిటికీ పక్కన పెట్టారు. రెండేళ్ళకు వెళ్ళి చూస్తే నెమలి లేదు, నెమలి ఎముకలున్నాయి: నల్లగీతలు మిగిలాయి, గులాబీ, పచ్చ ఎటో పోయాయి. చెల్లెలు ఇప్పటికీ దాన్ని తీయలేదు, నన్ను ఏడిపించడానికే అనుకుంటాను. ఏ కొత్త రంగు కొన్నా ఒక కాగితం మీద పట్టీ పూసి, సగం నల్లకాగితంతో కప్పి, ఎండ పడే కిటికీకి రెండు నెలలు అంటించండి. తర్వాత విప్పి రెండు సగాలూ పోల్చండి. డబ్బా మీద ఏం రాసున్నా, మీ కిటికీ చెప్పేది నమ్మండి.

ఇక ఎరుపు. మీ అట్ట మీద అది ఎందుకు మాడిందో ఫోటోలోనే కనబడుతోంది. రంగుపొడి ప్రతిదీ వెలుగులో కొంత మింగేస్తుంది. ఒకదాంట్లో ఒకటి కలిపే కొద్దీ మింగేది పెరుగుతుంది, తిరిగొచ్చేది తగ్గుతుంది. ఎరుపును అన్నిటికన్నా బాగా చంపేది ఆకుపచ్చ. మీరు ఎరుపు తడిగా ఉండగానే తొడిమలు పెట్టారు. తర్వాత నీడకు నలుపు వాడారు, అది చాలక నీలం తెచ్చారు. ఇక్కడో మెలిక ఉంది. పెట్టెలో స్కార్లెట్ అని ఉండే ఎరుపు నారింజ వైపు ఒరిగి ఉంటుంది, అంటే అందులో పసుపు ఛాయ ముందే ఉంది. దానికి నీలం తగిలితే మూడు మూలరంగులూ కలిసినట్టే, గోధుమరంగు ఖాయం. క్రిమ్సన్ అనేది వంకాయరంగు వైపు ఒరిగిన ఎరుపు, దానికి నీలం కలిపితే ఊదా వస్తుంది కానీ బురద కాదు. కాబట్టి వెలుగు పడే వైపు స్కార్లెట్, దాన్ని ఇంకా వెలిగించాలంటే నారింజ. తెలుపు కలిపితే గులాబీ అయిపోతుంది. నీడ వైపు క్రిమ్సన్, ఇంకా లోతు కావాలంటే అందులో చిటికెడు ఊదా. నలుపు డబ్బా కొన్నాళ్ళు అత్తగారి దగ్గర దాచమని ఇవ్వండి.

నీళ్ళకు రెండు మగ్గులు పెట్టుకోండి, ఒకటి కడగడానికి, ఒకటి కలపడానికి. ఎరుపు ఆరేదాకా ఆకుపచ్చ బ్రష్ ముట్టుకోకండి. ఆగలేకపోతే రెండు రంగుల మధ్య సన్నటి సందు వదిలేయండి, కాగితం తెలుపే అక్కడ గీత అవుతుంది.

ఇంత చేసినా ఎరుపు వెలగదు, మీ అత్తగారు చెప్పింది వినకపోతే. మీరు చిన్నబోయారని రాశారు. నాకు మాత్రం ఉత్తరం మొత్తంలో పనికొచ్చే విమర్శ ఆ ఒక్క వాక్యమే అనిపించింది. కళ్ళం మీదైనా డాబా మీదైనా ఆరబోసిన మిర్చి అంతా ఒకే ఎరుపు ఉండదు. నిన్న కోసిన కాయ ఉబ్బి మెరుస్తుంటుంది. నాలుగు రోజులెండింది ముదురుతుంది, బాగా ఎండింది ముడతపడి ఊదారంగు వైపు తిరుగుతుంది. వాటి మధ్య తాలుకాయ, అంటే రంగు పట్టక తెల్లగా, పాలిపోయిన పసుపులో ఉన్నది, అక్కడొకటి ఇక్కడొకటి. మార్కెట్లో దాన్ని ఏరి పక్కన పెడతారు, ధర తక్కువ పలుకుతుంది. బొమ్మలో మాత్రం దాని విలువ వేరు. కంటికి ఎరుపు ఒక్కటే కనిపిస్తుంటే కాసేపటికి ఆ ఎరుపును పట్టించుకోవడం మానేస్తుంది. పక్కన పాలిపోయిన కాయ ఒకటి పడగానే మళ్ళీ చూస్తుంది. మీ అట్ట మీద దాదాపు రెండు వందల కాయలు లెక్కపెట్టాను, అన్నీ ఒకే ట్యూబులోవి. వాటిలో ఒక పదిహేనింటిని లేత పసుపు, మురికి తెలుపు చేయండి. ఎరుపు డబ్బా మూత తీయకుండానే ఎరుపు పెరుగుతుంది.

ఊడిన అట్ట పారేయకండి. వదులుగా ఉన్న పెచ్చులన్నీ పాత క్రెడిట్ కార్డుతోనో, చపాతీ పిండి గీకే పల్చటి చెక్కతోనో గీకేయండి. కింద జిడ్డు పట్టేసింది కాబట్టి దాని మీద మళ్ళీ అక్రిలిక్ వేస్తే మళ్ళీ ఊడుతుంది. అది ఇక ఆయిల్ పేస్టల్ అట్ట. ఊడకుండా గట్టిగా పట్టుకున్న ముక్కలు ఎక్కడున్నాయో చూసి వాటిని అలాగే ఉంచి, మిగతాదంతా పేస్టల్‌తోనే నింపండి. ఎడమవైపు మూల కొంగు భాగం బాగా మిగిలింది, దాన్ని ముట్టుకోకండి.

వచ్చే ఏడు మళ్ళీ మిర్చి ఆరబోసినప్పుడు ఫోన్ కింద వదిలేసి, చిన్న పుస్తకం, రెండు పెన్సిళ్ళు పట్టుకుని డాబా ఎక్కండి. ఆవిడ పక్కన కూర్చుని కాసేపు తాలు ఏరండి, ఏది ఎండిందో ఏది ఎండలేదో ఏం చూసి చెబుతారో అడగండి. గీసేముందు చేతులు సబ్బుతో కడుక్కోండి, ఆ చేత్తో కళ్ళు మాత్రం నలుపుకోకండి.